ఎలుగుబంట్లు ఆర్పని నిప్పు

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం బొమ్మల సినిమా చూడటం ఒక నియమం. మా ఆయనకు శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం. తిరుపతి నుంచి రోజూ తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి పోయి, దీపాలు పెట్టాక ఇల్లు చేరతాడు. నలుగురం ఒక చోట కూర్చునేది ఆ ఒక్క పూటే. ఏ సినిమా చూడాలన్నది రెండో తరగతి చదివే మా పాప ఇష్టం. మా అత్త సోఫాలో ఒక మూల కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. ఆ జంతువులు మాట్లాడే మాటలు ఆమెకు సగం అర్థం కావు గానీ వ్యాఖ్యానానికి మాత్రం లోటు ఉండదు. "ఆ కుందేలికి ఇల్లూ వాకిలీ లేదా? పొద్దస్తమానం తిరగతానే ఉండాదే" అంటుంది. మా ఆయన సినిమా మొదలైన కాసేపటికే గురక మొదలుపెడతాడు. నేను బొరుగులు కలిపి తెచ్చి ముందు పెడతాను.

పాప పిరికిది కాదు. తెర మీద రాక్షసులొచ్చినా, పడవ మునిగినా, పిల్ల ఏనుగు తల్లి నుంచి తప్పిపోయినా బొరుగులు నములుతూ చూసేస్తుంది. కానీ ఈ సినిమాల వాళ్ళు ఎక్కడో ఒక చోట అడవిలో మంట వేయక మానరు. కట్టెలు పేరుస్తారు, చుట్టూ చేరతారు, ఒకరు పాట ఎత్తుకుంటారు. ఆ ఘట్టం రాగానే పాప దిండు తీసి ముఖానికి అడ్డం పెట్టుకునేది. "ఆర్పేసినారా? అయిపాయిందా?" అని దిండు వెనక నుంచే అడిగేది. అయిపోయిందని నేను చెబితేనే తీసేది. ఆ మాట వినపడగానే మా అత్త నీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయేది.

దానికి కారణం అంతకు ముందు కార్తీకంలో జరిగింది. చంద్రగిరి దాటాక మా బంధువులకు ఒక మామిడితోట ఉంది. ఆ తోట గట్టు మీది ఉసిరిచెట్టు కింద పూజ చేసి, కాస్త ఎడంగా మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వనభోజనాలకు వండుకుంటాం. వంటంతా మా అత్త చేతి మీద నడవాల్సిందే. ఆ ఏడు కూడా ఆమే వండింది. అన్నం ఉమ్మగిల్లడానికని పొయ్యిలోని సగం నిప్పులను కట్టెతో బయటికి లాగి, వాటి మీద మట్టి కప్పి చదును చేసింది. పై నుంచి చూస్తే అది మామూలు నేలే. తిన్నాక పిల్లలు దొంగాట ఆడుతూ చెట్ల మధ్య పరుగులు పెట్టారు. చెప్పులు విడిచి ఆడుతున్న మా పాప సరిగ్గా అక్కడే కాలు వేసింది.

ఆ అరుపు నేను రాయలేను. అరికాలంతా బొబ్బలెక్కింది. తడిగుడ్డ చుట్టి, తిరుపతి దాకా ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకొచ్చాం. పుండు మానింది, చర్మం వచ్చింది, పిల్ల మళ్ళీ బడికి పోయింది. భయం మాత్రం మానలేదు. గ్యాసు స్టవ్వు వెలిగిస్తే వంటింటి గడప దాటి వచ్చేది కాదు. దేవుడి ముందు దీపం పెడితే గోడకు అంటుకుని నిలబడేది. భోగి మంటల నాడు తలుపులన్నీ వేయించి మంచం కింద దూరింది. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి వద్దంది.

మట్టి కప్పడం మా అత్తకు ఎక్కడి అలవాటో నాకు తెలుసు. అగ్గిపెట్టెను పొదుపుగా వాడే రోజుల్లో పల్లె ఇళ్ళలో రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి పెట్టేవారు. పొద్దున బూడిద తోసి ఊదితే ఎర్రగా కళ్ళు తెరిచేవి. అంటే కప్పడం అనేది నిప్పును బతికించుకునే పని. అదే పనిని తోటలోనూ చేసి, నిప్పు ఆరిపోయిందనుకుంటారు మావాళ్ళు. ఆర్పాలంటే నీళ్ళున్నాయి కదా అని అడగండి, చెవులు మూసుకుంటారు. అన్నం వండిన పొయ్యిలో నీళ్ళు పోయడం మా వైపు మహా అరిష్టం.

చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మా అత్త "దిష్టి తగిలిందమ్మా బిడ్డకు" అని చెప్పేది. విని విని ఒకరోజు నాకు తిక్కరేగింది. "దిష్టి కాదత్తా, నిప్పు" అన్నాను అందరి ముందే. ఆమె లోపలికి పోయి కొబ్బరినూనె గిన్నె తెచ్చుకుని పాప కాలు ఒళ్ళో పెట్టుకుంది. పుండు మానిన చోట నూనె రాయడం రోజూ తన పనే, ఇంకెవరినీ చేయనిచ్చేది కాదు. మా ఇద్దరి మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు.

నేను బడి పంతులమ్మను. బస్సెక్కి పోయి పల్లె పిల్లలకు పాఠాలు చెప్పి వస్తాను. ఊళ్ళో పిల్లలందరికీ ధైర్యం చెప్పే నాకు సొంత బిడ్డ దిండు వెనక దాక్కుంటుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. పెద్దయితే అదే పోతుంది అన్నారు చాలామంది. పోదు. ఇప్పుడు దీపానికి భయపడేది పెద్దయినా స్టవ్వు వెలిగించడానికి భయపడుతుంది. లేదంటే ఒకనాటికి అంతా మరిచిపోయి తనూ నిప్పు మీద మట్టి కప్పేసి వచ్చేస్తుంది. రెండూ నాకు పనికిరావు. నా కూతురు నిప్పు ముందు నిలబడాలి, దాన్ని ఎలా ఆర్పాలో తెలుసుకుని నిలబడాలి. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను.

దారి చూపింది ఒక ఎలుగుబంటి. అదొక ఎలుగుబంట్ల కుటుంబం కథ. సెలవులకు అడవిలో గుడారం వేసుకుంటాయి, మంట వేసుకుంటాయి, ఆడతాయి, పాడతాయి. అంతా అయ్యాక తండ్రి ఎలుగు వెనక కాళ్ళతో ఇంత మట్టి మంట మీదికి ఎగదన్ని, చేతులు దులుపుకుని గుడారంలోకి పోయి పడుకుంటుంది. తెల్లారేసరికి అంతా పచ్చగా, కడిగిన ముత్యంలా ఉంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది కూర్చుని ఒక్కో వెంట్రుకా కదిలేలా ఎలుగుబంటిని గీశారు. వాళ్ళలో ఒక్కరికీ నిప్పు ఎలా ఆరుతుందో తెలియదా? రిమోట్ తీసుకుని సినిమా ఆపేశాను.

"ఈ ఎలుగుబంటి చేసిన తప్పేంది, చెప్పు" అన్నాను.

దిండు పక్క నుంచి ఒక కన్ను బయటికొచ్చింది. బొమ్మ కదలడం లేదు, మంటా కదలడం లేదు. అది ధైర్యమిచ్చింది కాబోలు.

"మట్టి కప్పేసింది" అంది పాప.

"ఇంకా?"

"గుడారం పక్కనే మంటేసింది. గాలొస్తే అంటుకోదా?"

"ఇంకా?"

ఈసారి దిండు ఒళ్ళోకి దిగింది. "ఆడ యాడా నీళ్ళు లేవు. ఎండిన ఆకులు చిమ్మకుండానే పెట్టేసింది. పిల్ల ఎలుగుబంటి మంట మీద దూకతా ఉంటే వాళ్ళమ్మ నవ్వతాది. దానికి బుద్ధి లేదు."

మా ఆయన నిద్రలేచి "ఎవురికి బుద్ధి లేదు?" అన్నాడు. పాప పకపకా నవ్వింది. మంట తెర మీద ఉండగా అది నవ్వడం చాలా రోజులకు చూశాను.

అప్పటి నుంచి మా ఆదివారాలు మారిపోయాయి. సినిమాలో మంట వచ్చిందంటే రిమోట్ పాప చేతికి. ఆపుతుంది, లేచి టీవీ దగ్గరికి పోతుంది, వేలు పెట్టి ఒక్కో తప్పు చూపిస్తుంది. నక్క మంట దగ్గరే నిద్రపోయిందని ఒకసారి, కోతి వేలాడే గుడ్డ కట్టుకుని కట్టెలు ఎగదోసిందని ఒకసారి. ఈ తప్పులు పట్టే ఆట సంగతి తెలిసి మా అపార్ట్‌మెంట్ పిల్లలు కూడా ఆదివారం మా హాల్లో చేరసాగారు. వాళ్ళందరికీ మా పాప పెద్ద అధికారి. ఒక పిల్లవాడు అవన్నీ బొమ్మలే కదా అంటే వాడి మీద ఇంతెత్తు లేచింది. నేను ఇదే ఆటను మా బడిలోనూ ఆడించాను. పల్లె పిల్లలు ఇంకా గట్టివాళ్ళు, తప్పులతో పాటు నాలుగు తిట్లు కూడా చేర్చారు.

మట్టి కప్పే ఘట్టం వస్తే మాత్రం మా అత్త లేచి వెళ్ళడం మానలేదు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

బొమ్మల్లో తప్పులు పడితే చాలదని నాకు తెలుసు. ఒక సాయంత్రం మిద్దె మీదికి పాత ఇనుప బాండలి, కాస్త కొబ్బరిపీచు, నాలుగు పుల్లలు, బక్కెట్టు నిండా నీళ్ళు పట్టుకుపోయాను. పాప మెట్ల దగ్గరే ఆగిపోయింది. రమ్మని పిలవలేదు. మంట ముందు నీళ్ళు పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీయాలని గట్టిగా పైకి చదువుతున్నట్టు చెబుతూ నా పని నేను చేసుకున్నాను. చున్నీ నడుముకు బిగించాను, గాలి ఎటు వీస్తోందో చూసి దానికి వీపు పెట్టి కూర్చున్నాను, పుల్లలు వెలిగించాను. మంట తగ్గాక నీళ్ళు కొద్దికొద్దిగా చల్లాను. చుయ్‌మని ఆవిరి లేవగానే పాప కిందికి పరుగెత్తింది.

మరుసటి సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. ఆ మరుసటి రోజూ వెళ్ళాను. కొన్నాళ్ళకు పాప మెట్లు దాటి నీళ్ళ ట్యాంకు దాకా వచ్చింది. ఇంకొన్నాళ్ళకు చెంబు అందించింది. ఆవిరి ముఖానికి కొట్టకుండా దూరం నుంచి ఎలా చల్లాలో, కట్టెతో ఎలా కెలకాలో, కెలికి మళ్ళీ ఎలా పోయాలో చూసింది. చివర్న అరచేతి వెనకవైపు బూడిదకు కాస్త పైన పెట్టి వేడి చూడటం కూడా నేర్పాను. చేతికి వెచ్చగా తగిలితే ఇంకా ఆరనట్టే, మళ్ళీ నీళ్ళు పోయాలి. ఒకరోజు నేను చెంబు ఎత్తబోతుంటే "నేను పోస్తా" అంది. సగం నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. అయినా పోసింది. నేను ఏడ్చేశాను, పొగ అని చెప్పాను.

సరిగ్గా అప్పుడే ఆరేసిన బట్టలు తీయడానికని మా అత్త పైకి వచ్చింది. బాండలిలోంచి ఆవిరి లేస్తోంది. ఆ చప్పుడుకు ఆమె ఉన్నచోటే బిగుసుకుపోయింది.

"నిప్పులో నీళ్ళు పోపిస్తా ఉండావా బిడ్డ చేత? ఏం నేర్పిస్తా ఉండావమ్మా నువ్వు?" అంది.

"ఆర్పడం నేర్పిస్తున్నానత్తా. రేపు కార్తీకంలో తోటకు పోయినప్పుడు పొయ్యి కూడా ఇట్లే ఆర్పుతాం" అన్నాను. ఆ మాట అంత సూటిగా అనాలని అనుకోలేదు, వచ్చేసింది.

"నేను బతికుండంగా వండిన పొయ్యిలో నీళ్ళు పోయనియ్యను."

"నేను బతికుండంగా నా బిడ్డను కప్పిన నిప్పు దగ్గరికి పోనియ్యను."

పాప ఒకసారి నన్ను, ఒకసారి వాళ్ళవ్వను చూసింది. మా అత్త బట్టలు తీయకుండానే దిగిపోయింది.

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. మా ఆయన ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, ఎవరికీ సర్దిచెప్పలేక టీవీ పెట్టుకుని కూర్చున్నాడు. నేనే కంచం పట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. కంచం పక్కన పెట్టి ఆమే మాట్లాడింది.

"మీ మామ పోయిన దినం మా ఇంట్లో పొయ్యి మండతా ఉండె. ఆయప్పకే కూడు వండతా ఉండాను నేను. తోట కాడ పడిపోయినాడని కబురొచ్చె. సావొచ్చిన ఇంట్లో పొయ్యి మండకూడదని మా అత్త వచ్చి కడవెత్తి పొయ్యిలో నీళ్ళు పోసింది. ఆ సప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉండాది. అప్పుడు మీ ఆయన ఇంకా పాలు తాగే బిడ్డ." చెప్పి గోడ వైపు తిరిగింది.

మూఢనమ్మకం అని కొట్టిపారేసిన దాని వెనక ఇంత ఉందని నాకెవరు చెప్పారు? మనసు కరిగిపోయింది. అయినా నా పట్టు సడలలేదు. సడలితే మళ్ళీ పాప దిండు వెనక్కి పోతుంది. ఒకరి భయానికి ఇంకొకరి భయం బలికాకూడదు. "తిను అత్తా" అన్నాను. ఆమె తింది.

కార్తీకం వచ్చింది. తోటకు పోదామంటే పాప ఒకటే మాట అంది. "నీళ్ళతో ఆర్పితే వస్తా. లేకపోతే రాను." నేను సరేనన్నాను. మా అత్త విననట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. మా ఆయన మాత్రం "ఈసారికి హోటల్నించి తెప్పిస్తే పోలా?" అన్నాడు. ఇద్దరం ఒకేసారి అతని వైపు చూసేసరికి చప్పుడు చేయకుండా బండి తుడవడానికి పోయాడు.

తోటలో ఉసిరిచెట్టు కింద ఆకులు చిమ్మి నేనూ మా ఆయనా పూజ చేశాం. పసుపు ముద్దను వినాయకుడిగా పెట్టి మొదలుపెట్టి, చివర్న ఆ ముద్దను కొద్దిగా పక్కకు జరిపి ఉద్వాసన చెప్పాం. ఇక దేవుడు తన చోటికి వెళ్ళినట్టు, మిగిలిన పసుపును నీళ్ళలో కలిపేయొచ్చు. వంట ఎప్పటిలాగే మా అత్తది. ఈసారి పొయ్యి చుట్టూ పాప స్వయంగా పుల్లాపుడకా చిమ్మేసింది, పిల్లలెవరూ దాటకుండా సున్నంతో గీత గీసింది, బిందె నిండా నీళ్ళు తెప్పించి పక్కన పెట్టుకుంది. చెప్పులు విడవలేదు. గీత అవతలే నిలబడింది గానీ, ముఖం మాత్రం తిప్పుకోలేదు.

భోజనాలయ్యాయి. పొయ్యిలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. బంధువుల్లో ఒక పెద్దాయన పార తీసుకుని మట్టి వేయడానికి లేచాడు. నేను పోయి పొయ్యికి అడ్డం నిలబడ్డాను.

"మట్టొద్దు. నీళ్ళు పోస్తాం" అన్నాను.

"ఏమ్మా, శుభమా అని వనభోజనానికి వచ్చి ఇదేం పని?" అన్నారెవరో. ఆ పెద్దాయన మా అత్త వైపు చూశాడు, ఆమె చెబితే నేను తప్పుకుంటానని. నేను తప్పుకోదలచుకోలేదు. అందరూ కలిసి తిట్టినా, ఇంక తోటకు రావద్దన్నా అక్కడే నిలబడతాను. పాప చెంబు పట్టుకుని నా వెనకే ఉంది, దాని ఊపిరి నాకు వినపడుతోంది.

మా అత్త లేచింది. తిన్నగా పొయ్యి దగ్గరికి వచ్చి నిప్పుల వైపు కొంచెంసేపు చూసింది.

"పసుపూ కుంకుమా తేమ్మా" అంది నాతో. "రాళ్ళకు పెట్టు. నేను పెట్టకూడదు."

ఏం చేయబోతోందో నాకు అర్థం కాలేదు. పూజ పళ్ళెంలోంచి తెచ్చి మూడు రాళ్ళకూ బయటివైపు బొట్లు పెట్టాను. ఆమె పొయ్యికి రెండు చేతులూ జోడించింది. ఒక పచ్చికట్టె తీసుకుని ముందు రాయిని కొద్దిగా పక్కకు జరిపింది.

"ఉద్వాసన చెప్పేసినా. ఇంక ఇది పొయ్యి కాదు, ఊరికే నిప్పు" అంది అందరికీ వినపడేలా. తర్వాత పాప వైపు తిరిగింది. "రా బంగారూ. పొయ్. నీకు తెల్సు గదా."

పాప గీత దాటింది. గాలికి వీపు పెట్టి నిలబడి, చెంబు వంచి, దూరం నుంచి చల్లింది. చుయ్‌మని తెల్లగా ఆవిరి లేచింది. మా అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది, చీర కుచ్చిళ్ళు పిడికిట్లో బిగించింది, ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. పాప కట్టెతో కెలికింది, మళ్ళీ పోసింది. చెయ్యి పెట్టి చూసి "ఇంకా వెచ్చగా ఉండాది" అంది. బిందె ఖాళీ అయింది. ఎవరికీ చెప్పకుండా మా అత్తే బిందె చంకనెత్తుకుని బోరు దగ్గరికి పోయి నింపుకొచ్చింది.

చివరికి పాప చెయ్యి బూడిద మీద ఆనించి అలాగే ఉంచింది. "ఆరిపాయింది" అంది.

"ఎవురూ రావద్దండి" అంది మా అత్త. కాళ్ళ చెప్పులు పక్కకు విడిచి, ఆ తడి బూడిద మధ్యకు నడిచి నిలబడింది. నిలబడి కాళ్ళ కిందికి చూసుకుంటూ ఉంది. ఎంతసేపటికీ కదలకపోయేసరికి మా ఆయన "అమా" అని పిలిచాడు. ఆమె పాప వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"పోయినేడు గూడా మొదట నేనే నిలబడి సూడాల్సింది బంగారూ" అంది.

పాప వంగి చెప్పులు విప్పింది. మచ్చ ఉన్న కాలే ముందు పెట్టి, వచ్చి వాళ్ళవ్వ పక్కన నిలబడింది.

"ఇప్పుడు సల్లగానే ఉండాది లే అవ్వా" అంది.